నరకం చూసొచ్చామనేవాళ్ల చేతికి మైక్ ఇవ్వకండి

సంపాదకులు గారికి నమస్కారం.

చనిపోయి మళ్లీ బతికామని, ఆ కాసేపట్లో పరలోకం, నరకం రెండూ చూసొచ్చామని చెప్పేవాళ్ల అనుభవాలు వరసగా పేర్చి ఈమధ్య మీ పత్రికలో ఒక వ్యాసం వేశారు. చివర్లో నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం అని పాఠకులకే వదిలేశారు. నేను యేసు ప్రభువును నమ్ముకున్న మనిషిని. పరలోకం ఉందని, నరకం ఉందని ఏ సందేహం లేకుండా నమ్ముతాను, చాలాకాలంగా సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. అందుకే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. నమ్మనివాళ్లు అలాంటివి చదివి పక్కన పడేస్తారు, వాళ్లకు పోయేదేం లేదు. దెబ్బ తగిలేది మాకు, మా పిల్లలకు, అయినవాళ్లను పోగొట్టుకుని ఇంకా ఏడుపు ఆగనివాళ్లకు.

చనిపోయినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు అన్న దాని గురించి బైబిల్ కావాలనే తక్కువ చెప్పింది. ఆ కొంచెంతో తృప్తిపడటం కూడా విశ్వాసంలో భాగమే. అంతకు మించి నేను వెళ్లి చూశాను, ఫలానా ఆయన అక్కడ కాలిపోతున్నాడు అని చెప్పే హక్కు ఏ పాస్టర్ గారికీ లేదు, నాకూ లేదు, లక్షలమంది చూసిన వీడియోకీ లేదు.

బైబిల్లో చనిపోయి లేచినవాళ్లు తక్కువేం కాదు. సారెపతు విధవరాలి కొడుకును ఏలీయా లేపాడు, షూనేమీయురాలి కొడుకును ఎలీషా లేపాడు. నాయీను ఊళ్లో విధవరాలి కొడుకు, యాయీరు కూతురు, యొప్పేలో తబితా, త్రోయలో పౌలు ప్రసంగం సాగుతుంటే నిద్రమత్తులో మూడో అంతస్తు కిటికీలోంచి పడి చచ్చిపోయిన ఐతుకు. వీళ్లలో ఒక్కరైనా అవతల ఏం చూశారో చెప్పినట్టు ఒక్క వచనం చూపించండి. నాయీను కుర్రాడు పాడె మీద లేచి కూర్చుని మాట్లాడసాగాడని లూకా రాశాడు, ఏం మాట్లాడాడో మాత్రం రాయలేదు! యాయీరు కూతురు 12 ఏళ్ల పిల్ల, ఆమె లేచి నడవగానే ప్రభువు చెప్పింది, ఈ సంగతి ఎవరికీ తెలియనివ్వొద్దని, పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమని. అంతే.

ఇక బేతనియ లాజరు సంగతి. 4 రోజులు సమాధిలో ఉన్నాడు, ఈపాటికి వాసన కొడుతుందని సొంత తోబుట్టువు మార్తే అంది. ఇప్పటి సాక్ష్యాల్లో చెప్పేది పది నిమిషాలో ఇరవై నిమిషాలో గుండె ఆగిందని. లాజరు బతికాక యేసును చూడటానికే కాదు, లాజరును చూడటానికి కూడా జనం గుంపుగా బేతనియకు వచ్చారని యోహాను సువార్త 12వ అధ్యాయంలో ఉంది, అతని వల్ల చాలామంది నమ్ముతున్నారు కాబట్టి అతన్ని కూడా చంపేయాలని ప్రధాన యాజకులు అనుకున్నట్టూ ఉంది. అంతమంది చుట్టూ మూగినప్పుడు అక్కడ ఏముంది లాజరూ అని ఒక్కరైనా అడక్కుండా ఉంటారా, అడిగే ఉంటారు. అయినా నాలుగు సువార్తలు తిరగేసినా లాజరు నోటినుంచి వచ్చిన ఒక్క మాట కూడా మనకు దొరకదు. లేఖనం దైవప్రేరణ వల్ల కలిగిందని మనం చెప్పుకుంటాం కదా, మరి ఈ మౌనం కూడా ఆ ప్రేరణలోదే అని ఎందుకు అనుకోం?

పౌలు ఒక్కడు పరలోకానికి వెళ్లొచ్చిన మాట చెప్పాడు, అదీ ఎంత తడబడుతూ చెప్పాడో కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 12వ అధ్యాయంలో చూడండి. "నేను" అనడు, "క్రీస్తునందున్న ఒక మనుష్యుణ్ని ఎరుగుదును" అంటాడు. 14 ఏళ్ల కిందటి సంగతి అంటాడు. శరీరంతో వెళ్లాడో శరీరం లేకుండా వెళ్లాడో నాకు తెలియదు, దేవునికే తెలుసు అని ఒకసారి కాదు, రెండుసార్లు అంటాడు. చివరికి అక్కడ విన్నది "వచింప శక్యముకాని మాటలు", "ఆ మాటలు మనుష్యుడు పలుకకూడదు" అని ముగించేస్తాడు. వెంటనే మాట మార్చి తన శరీరంలో ఉన్న ముల్లు లాంటి బాధ గురించి, అది తీసేయమని మూడుసార్లు ప్రార్థిస్తే నా కృప నీకు చాలు అని ప్రభువు అన్న జవాబు గురించి చెబుతాడు. మూడో ఆకాశం దాకా వెళ్లిన మనిషి గొప్పగా చెప్పుకుంది తన బలహీనత గురించి. ఇదే అనుభవం ఇవాళ ఎవరికైనా వస్తే 14 రోజులు ఆగుతారా?

పౌలు చెప్పనని వదిలేసిన ఆ ఖాళీని పూరించాలని తర్వాతి తరాల్లో కొందరికి ఆశ పుట్టింది, పౌలు పేరు పెట్టి ఒక ప్రకటన గ్రంథం రాసేశారు, నరకంలో ఎవరెవరికి ఏయే శిక్షలు పడుతున్నాయో అందులో వివరంగా ఉంటుంది. పలకకూడదన్న మాటల్నే పలికించారు, ఇది బుద్ధిలేని సాహసం, నిజమైన సంఘం దీన్ని ఒప్పుకోదు అని ప్రాచీన సంఘ పండితుడు అగస్టీను గట్టిగానే ఖండించాడు. అంతకన్నా ముందే, 2వ శతాబ్దంలో, పేతురు పేరు మీద ఇంకొకటి వచ్చింది. నీతి మార్గాన్ని దూషించినవాళ్లు నాలుకలతో వేలాడుతుంటారు, కింద మంట. దాన్ని కొన్ని సంఘాల్లో చదివారు కూడా, అయినా చివరికి బైబిల్లో చేర్చలేదు. ఇవాళ ఫోన్లో తిరిగే వీడియోల్లో నేను విన్న నరకం చాలావరకు ఆ పక్కన పెట్టేసిన పుస్తకాల్లో నరకమే. ఒక్కో పాపానికి ఒక్కో గది, ఒక్కో అవయవానికి ఒక్కో చిత్రహింస, చుట్టూ శూలాలు పట్టుకుని నవ్వే దయ్యాలు. బైబిల్లో ఉన్న ప్రకటన గ్రంథం 20వ అధ్యాయం ప్రకారం అపవాది, అంటే సాతాను, అగ్నిగుండంలో శిక్ష అనుభవించేవాడు, అక్కడ అధికారం చేసేవాడు కాదు. ఆ ఒక్క వచనం గుర్తున్నా ఆ సాక్ష్యాల్లో సగం దగ్గరే మనకు అనుమానం రావాలి.

ప్రభువు నరకం గురించి చెప్పలేదని నేను అనడం లేదు. మిగతా అందరికన్నా ఆయనే ఎక్కువ చెప్పాడు. ఆరని అగ్ని అన్నాడు, చావని పురుగు అన్నాడు, వెలుపటి చీకటి అన్నాడు, ఏడుపును, పండ్లు కొరుకుటను ఉంటాయన్నాడు. అవి తలుచుకుంటే నాకు భయమే. కానీ మంట ఉన్నచోట చీకటి ఎలా అని మ్యాప్ గీయడానికి ఆయన ఆ మాటలు చెప్పలేదు, మనిషిని ఇప్పుడే, ఈ పూటే తిప్పుకోవడానికి చెప్పాడు. పైగా ఎవరితో చెప్పాడో చూడండి. మత్తయి సువార్త 25లో ఎడమపక్కన నిలబడ్డవాళ్ల మీద మోపిన నేరం ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టలేదని, దాహం వేసినవాడికి నీళ్లు ఇవ్వలేదని, పరదేశిని చేర్చుకోలేదని, జబ్బుపడ్డవాణ్ని, చెరసాలలో ఉన్నవాణ్ని చూడటానికి రాలేదని. 7వ అధ్యాయంలో ప్రభువా ప్రభువా అంటూ వచ్చేవాళ్లు ఆయన పేరు మీదే ప్రవచించినవాళ్లు, దయ్యాలు వెళ్లగొట్టినవాళ్లు. ఈ వీడియోల్లో మాత్రం ఒకావిడ నగలు పెట్టుకుందని నరకంలో ఉంటుంది, ఒకాయన సినిమాలు చూశాడని, ఇంకొకాయన దశమభాగం (సంపాదనలో పదో వంతు కానుక) ఎగ్గొట్టాడని. అన్నం పెట్టనందుకు అక్కడున్న మనిషిని చూశానని చెప్పినవాళ్లను నేను ఇంతవరకు వినలేదు. చూసొచ్చినవాళ్ల నరకం వాళ్ల సొంత బోధకుల తిట్ల జాబితాలా ఉంటుంది, ప్రభువు చెప్పినట్టు ఉండదు.

నాకు తెలిసిన ఒకావిడ భర్త హఠాత్తుగా పోయాడు. ఆదివారం ఆరాధనకు ఆమె వెంట అప్పుడప్పుడూ వచ్చేవాడు, వెనక కూర్చునేవాడు, బాప్తిస్మం తీసుకోలేదు. ఆయన పోయిన కొన్నాళ్లకు ఒక కూటానికి బయటినుంచి వచ్చిన ప్రసంగికుడు దర్శనాలు చెబుతూ చెబుతూ ఆమె వైపు చెయ్యి చూపించి, అమ్మా నీ భర్త అగ్నిలో ఉన్నాడు, నిన్ను పేరు పెట్టి పిలుస్తున్నాడు అన్నాడు. ఆయనకు ఆ సంగతులన్నీ ఎవరో ముందే చెప్పి ఉంటారని తర్వాత అనుకున్నాం, అప్పుడైతే అందరం నోరు మెదపకుండా కూర్చున్నాం, కొంతమంది స్తోత్రం అన్నారు కూడా. ఆ రోజునుంచి ఆవిడకు నిద్ర లేదు. రాత్రి పొద్దుపోయాక ఫోన్ చేసి, వదినా, ఇప్పుడు కూడా పిలుస్తూనే ఉంటాడా, నాకు వినపడట్లేదేంటి అని అడిగేది. సంఘంలో పాటలు పాడేటప్పుడు చూసేదాన్ని, అన్ని చరణాలూ పాడేది, పరలోకం అన్న మాట దగ్గరికి వచ్చేసరికి పెదాలు బిగించుకుని ఆ లైను దాటాక మళ్లీ అందుకునేది. పుండు మీద కారం చల్లి దాన్ని సేవ అంటే ఎలా?

ఆవిడకు నేను లూకా 23 చదివి వినిపించాను, మళ్లీ మళ్లీ. సిలువ మీద దొంగకు బాప్తిస్మం లేదు, కానుకలు వేసే టైమ్ లేదు, చేతులు కాళ్లు కదలవు. యేసూ, నీ రాజ్యంతో వచ్చేటప్పుడు నన్ను జ్ఞాపకం చేసుకో అన్నాడు. నేడు నాతో కూడ పరదైసులో ఉంటావని ప్రభువు మాటిచ్చాడు. ఆ కొండ కింద నిలబడి చూసినవాళ్లలో ఎంతమంది ఆ మాట విని ఉంటారు? ఒక దొంగ తగిన శాస్తి అనుభవించి చచ్చాడని అనుకుంటూ ఇళ్లకు వెళ్లినవాళ్లే ఎక్కువ అయి ఉంటారు. ఒక మనిషి ఆఖరి గంటలో దేవుడితో ఏం మాట్లాడాడో మనకు తెలిసే వీలే లేదు. నీ భర్త తప్పకుండా పరలోకంలో ఉన్నాడని కూడా నేను ఆమెకు చెప్పలేదు, ఎందుకంటే అదీ నాకు తెలియదు. "రహస్యములు మన దేవుడైన యెహోవాకు చెందును" అని ద్వితీయోపదేశకాండంలో ఉంది, అది రెండు వైపులా వర్తిస్తుంది. అన్యాయం చెయ్యని ఆయన చేతుల్లో ఉన్నాడు అన్నంతవరకే చెప్పగలిగాను.

భయపెడితేనే కదా జనం మారుమనస్సు పొందుతారు అని మా పెద్దలు కొందరు వాదిస్తారు. ఈ ప్రశ్న ప్రభువు దగ్గరికే వచ్చింది. ధనవంతుడు, లాజరు (ఇతను బేతనియ లాజరు కాదు, వాకిట్లో కురుపులతో పడి ఉన్న బీదవాడు) కథలో ధనవంతుడు పాతాళంలో యాతన పడుతూ సరిగ్గా ఇదే అడిగాడు. నాకు ఐదుగురు సహోదరులున్నారు, లాజరును పంపు, చచ్చినవాళ్లలోనుంచి ఎవరైనా వెళ్లి చెబితే వాళ్లు మారతారు అన్నాడు. అబ్రాహాము కుదరదన్నాడు. వాళ్ల దగ్గర మోషే ఉన్నాడు, ప్రవక్తలున్నారు, వాళ్ల మాట విననివాళ్లు చచ్చినవాడు లేచి వచ్చి చెప్పినా నమ్మరు అన్నాడు. నరకం చూసొచ్చిన సాక్ష్యం కావాలన్న అర్జీ ఒకసారి పెట్టారు, దాన్ని కొట్టేశారు, ఆ తీర్పు లూకా 16లో రాసి ఉంది. ఇంకా ఏ ధైర్యంతో ఆ సాక్ష్యాలకు సభలు పెడుతున్నాం? దేవుని అనుగ్రహమే మారుమనస్సుకు నడిపిస్తుందని రోమీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో ఉంది. భయంతో చేతులెత్తిన పిల్లలు పెద్దయ్యాక ఆ భయాన్ని వదిలించుకోవడానికి దేవుణ్ని కూడా వదిలేయడం నేను కళ్లారా చూశాను.

అమెరికాలో జరిగినదాన్ని మీ పాఠకులకు గుర్తుచేస్తాను. 2004లో కారు ప్రమాదంలో గాయపడి కోమాలోకి వెళ్లిన ఆరేళ్ల బాబు పరలోకం చూసొచ్చాడని 2010లో ఒక పుస్తకం వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. 2015 జనవరిలో ఆ అబ్బాయే బహిరంగ లేఖ రాశాడు, నేను చనిపోలేదు, పరలోకానికి వెళ్లలేదు, అందరూ నన్ను పట్టించుకుంటారని అలా చెప్పాను, బైబిల్ చదవండి, అది చాలు అని. ప్రచురణకర్తలు పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. మెడ కింద కదలిక లేక మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైన పిల్లవాడు అంత మాట బయటపెట్టాడంటే ఎంత ధైర్యం కావాలి! నాకు ఆ అబ్బాయి మీద కోపం లేదు, చుట్టూ ఉన్న పెద్దల మీద ఉంది. చిన్నపిల్లాడి మాటను వాక్యంతో సరిచూడకుండా అమ్మకానికి పెట్టింది పెద్దలు. 1517లో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ గొంతెత్తింది కూడా ఇలాంటిదాని మీదే కదా, చనిపోయినవాళ్లు పడుతున్న బాధ నుంచి విడుదల అని చెప్పి బతికున్నవాళ్ల దగ్గర డబ్బు వసూలు చేసినందుకే కదా.

అందరూ అబద్ధాలు చెబుతున్నారని మాత్రం నేను అనను. గుండె ఆగి డాక్టర్లు బతికించిన మనుషుల్లో కొందరికి ఏదో వెలుగు, ఏదో శాంతి, పోయిన బంధువులు కనిపించడం నిజంగానే జరుగుతోంది. నెదర్లాండ్స్ డాక్టర్లు అలా బతికిన 344 మందిని అడిగి 2001లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు, 62 మంది ఏదో ఒక అనుభవం చెప్పారు, మిగతావాళ్లకు ఏమీ గుర్తులేదు. అది మెదడు చేసే పనా ఇంకేదైనానా అన్నది డాక్టర్లు తేల్చుకోవాలి. మనుషులు ఒక్కసారే చనిపోతారు, ఆ తర్వాత తీర్పు అని హెబ్రీ పత్రిక చెబుతుంది కాబట్టి వాళ్లు చావు అంచుదాకా వెళ్లొచ్చారని నేను అనుకుంటాను. అలాంటి మనిషి మన ఇంట్లో ఉంటే పక్కన కూర్చుని వినాలి, వెక్కిరించకూడదు, వేదిక ఎక్కించనూ కూడదు. దర్శనాలు దేవుడు ఇస్తాడు, విశ్వాసం కోసం రాళ్ల దెబ్బలకు ప్రాణమిచ్చిన స్తెఫనుకు ఇచ్చాడు. ఆకాశం తెరుచుకుని యేసు తండ్రి కుడిపక్కన నిలబడి ఉండటం చూశాడు. చూసి ఏం చేశాడు? రాళ్లు వేస్తున్నవాళ్ల మీద ఈ పాపం మోపవద్దని ప్రార్థించి కన్నుమూశాడు. వాళ్లలో ఎవరు నరకానికి పోతారో చెప్పలేదు, వాళ్ల బట్టలకు కాపలా ఉన్న సౌలు తర్వాత పౌలు అయ్యాడు మరి.

సంఘాల మధ్య కూడా ఈ విషయంలో తేడాలు తక్కువ లేవు. కతోలికులు ఉత్తరించు స్థలం (పరలోకానికి ముందు ఆత్మలు శుద్ధి పొందే చోటు) ఉందంటారు, మేము లేదంటాం. అడ్వెంటిస్టులు పునరుత్థానం దాకా చనిపోయినవాళ్లు నిద్రలో ఉంటారని, దుష్టులు చివరికి నాశనమైపోతారు తప్ప ఎప్పటికీ కాలుతూ ఉండరని నమ్ముతారు. వందల ఏళ్లుగా చదువుకున్నవాళ్లు, ప్రార్థనాపరులు తేల్చుకోలేకపోయినదాన్ని ఒక వీడియో తేలుస్తుందా? దర్శనాలకు ఎంతో విలువ ఇచ్చే కతోలిక శ్రీసభ కూడా 1992 నాటి సత్యోపదేశ గ్రంథంలో, శ్రీసభ గుర్తించిన ప్రత్యేక దర్శనాలైనా సరే విశ్వాస నిధిలో భాగం కావని, క్రీస్తు ప్రత్యక్షతకు అవి ఏమీ కలపలేవని స్పష్టంగా చెప్పింది.

పరలోకం గురించి చెప్పేటప్పుడు మనం చేసే లోపం ఇంకొకటి ఉంది. ఆత్మ పైకి పోవడం, బంగారు వీధులు, అక్కడితో కథ అయిపోయినట్టు చెబుతాం. ప్రకటన గ్రంథం 21లో ఆ పట్టణం పైనుంచి కిందికి దిగి వస్తుంది, కొత్త ఆకాశం, కొత్త భూమి, దేవుడే మనుషులతో కాపురం ఉంటాడు, వాళ్ల కన్నుల ప్రతి బాష్పబిందువును తుడిచేస్తాడు. 12 గుమ్మాలు, పగలు ఒక్కటి కూడా మూసెయ్యరు, రాత్రి అసలు ఉండదు. మన నిరీక్షణ శరీరంతో లేవడం. ప్రభువు లేచాక శిష్యుల ముందు కాల్చిన చేప ముక్క తిన్నాడు, చేతుల్లో మేకుల గుర్తులు చూపించాడు. నిజంగా చనిపోయి, మూడో రోజున నిజంగా లేచి, ఇక చావు లేకుండా ఉన్న మనిషి ఆయన ఒక్కడే. 40 రోజులు వాళ్లతో తిరిగాడు, అవతలి లోకం సంగతులు చెప్పాలంటే ఆయనకన్నా అర్హత ఎవరికుంది? చెప్పినవి ఏమిటి? మీకు సమాధానం కలుగుగాక అన్నాడు. దేవుని రాజ్యం గురించి బోధించాడు. నా గొర్రెల్ని మేపు అన్నాడు. రాత్రంతా వల వేసి ఏమీ దొరక్క అలిసిపోయి ఒడ్డుకు వచ్చినవాళ్లకు నిప్పుల మీద చేపలు కాల్చి ఉంచి, రండి భోజనం చేయండి అన్నాడు. మరణం ఎలా ఉంటుంది, పాతాళంలో ఎవరున్నారు అన్నదానిమీద ఆ 40 రోజుల్లో ఆయన ఏమైనా చెప్పినట్టు ఏ సువార్తలోనూ లేదు.

కాబట్టి సంపాదకులు గారూ, ఇలాంటివి మళ్లీ వేయాల్సివస్తే చెప్పినవాళ్ల మాటతో పాటు 2015 నాటి ఆ అబ్బాయి లేఖ సంగతి కూడా పక్కనే వేయండి, పాఠకులకు రెండు వైపులా తెలియాలి. సేవకులకు నా విన్నపం, ఎవరైనా దర్శనం చూశామంటే ముందు గదిలో కూర్చోబెట్టి వాక్యంతో సరిచూడండి, చనిపోయినవాళ్ల పేర్లు ఎత్తబోతే అక్కడే ఆపండి, పిల్లలున్న కూటాల్లో ఆ వీడియోలు అసలు వేయకండి. ఇంట్లో చావు జరిగిన మనిషి ఆ కూటంలో ఉన్నారేమో ప్రసంగానికి ముందే కనుక్కోండి. నేను చెప్పినావిడ ఇప్పటికీ సంఘానికి వస్తోంది, ఆ ప్రసంగికుడు మాత్రం తిరిగొచ్చి ఒక్క మాట సర్దిచెప్పలేదు, పిలిపించి సర్దిచెప్పించాల్సిన బాధ్యత ఆయనకు మైక్ ఇచ్చినవాళ్లదే.

ఇట్లు,
ఒక సండే స్కూల్ టీచర్